న్యూ ఓర్లీన్స్ జాజ్ ఫెస్ట్: బ్లూస్, జైడెకో వినడానికే వెళ్లండి

అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఓర్లీన్స్‌లో జరిగే సంగీతాల పండగ జాజ్ ఫెస్ట్. దానికి జాజ్ ఇష్టమైతేనే వెళ్లాలనేం లేదు. పేరు చూసి మనది కాదులే అని చాలామంది ఊరుకుంటారు, వెళ్లినవాళ్లలో కొందరేమో పెద్ద పేర్లున్న మెయిన్ స్టేజ్ ముందు కుర్చీ వేసుకుని పొద్దుగూకేదాకా అక్కడే ఉండిపోతారు. నన్నడిగితే టికెట్ డబ్బులు వసూలయ్యే చోట్లు రెండే: ఫే డో డో స్టేజ్, బ్లూస్ టెంట్. ఒకచోట జైడెకో, ఇంకోచోట బ్లూస్, అంటే నల్లజాతి అమెరికన్ల కష్టసుఖాల పాటలు. రెండూ ఒకే రోజు వినాలి, అదే నేను గట్టిగా చెప్పదలుచుకుంది.

జైడెకో లూసియానా నైరుతి వైపు, లాఫయెట్, ఒపెలూసస్ చుట్టుపక్కల పల్లెల్లో క్రియోల్ కుటుంబాలు (ఫ్రెంచ్ మాట్లాడే అక్కడి నల్లజాతివాళ్లు) ఇళ్లలో పెట్టుకునే డాన్సుల్లోంచి వచ్చిన సంగీతం. ఫ్రెంచ్‌లో పాడతారు, ఇంగ్లిష్‌లో పాడతారు, ఒక్కోసారి ఒకే పాటలో రెండూ. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో విన్నంతకాలం నాకు అందులో అకార్డియనే (రెండు చేతులతో తిత్తిని సాగదీస్తూ, నొక్కుతూ వాయించే వాద్యం) వినిపించేది. స్టేజ్ దగ్గరికెళ్లి నిలబడ్డాక గానీ అసలు పాటని లాక్కెళ్తున్నది ఎవరో తెలియలేదు. ఆయన దగ్గర తీగల్లేవు, మెట్లు లేవు, భుజాల మీంచి ఛాతీ మీదకి వేలాడే మడతల స్టీలు రేకు ఒక్కటే ఉంది. దాన్ని ఫ్రాట్వా అంటారు, రబ్‌బోర్డ్ అని కూడా అంటారు. రెండు చేతుల్లోనూ సీసా మూతలు తీసే ఓపెనర్లు పట్టుకుని పైకీ కిందకీ గీస్తూనే ఉంటాడు, కిందకి గీస్తే ఒక చప్పుడు, పైకి లాగితే దానికన్నా సన్నటిది, మధ్యలో అరచేత్తో ఒక దెబ్బ. నేను చూసినాయన రేకు మీద ఎక్కువగా గీసే చోట గట్లు అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి. ఎన్నేళ్ల వాయింపో అది!

అంతకుముందు బట్టలుతికే రేకు పలకనే మెడకి తాడుతో కట్టుకుని వాయించేవాళ్లు. 1946లో టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో క్లిఫ్టన్ షెనియర్ ఇలా తొడుక్కునేది కావాలని మట్టిలో గీసి చూపిస్తే, లోహప్పని చేసే విల్లీ లాండ్రీ తయారుచేసి ఇచ్చాడట. క్లిఫ్టన్ అన్న క్లీవ్‌లాండ్ దాన్ని వాయించాడు. ఒపెలూసస్ దగ్గర 1925లో పుట్టిన ఈ క్లిఫ్టన్‌నే జైడెకో రాజు అంటారు. 1970లో న్యూ ఓర్లీన్స్‌లోని కాంగో స్క్వేర్‌లో మొట్టమొదటి జాజ్ ఫెస్ట్ జరిగినప్పుడు వాయించినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఆయన 1987లో పోయాక ఆ బ్యాండ్‌ని కొడుకు సి.జె. షెనియర్ అందుకున్నాడు.

అకార్డియన్ కూడా అందరిదీ ఒకటి కాదు, అది గమనించండి. బటన్లున్న చిన్నదైతే పాట కొట్టుకుంటూ, ఎగురుతూ పోతుంది. పియానో మెట్లున్న పెద్దదైతే మన పద్య నాటకాల హార్మోనియంలాగే స్వరాన్ని పట్టుకుని సాగదీయగలదు. క్లిఫ్టన్ వాయించింది ఈ పెద్దదే, దాని మీద బ్లూస్ అంతా పలికించాడు.

ఇక డాన్సు. స్టేజ్ ముందు ఖాళీ జాగాలో జంటగా ఆడే టూ స్టెప్ వేసేవాళ్లు వేస్తూనే ఉంటారు, కౌబాయ్ టోపీ, బూట్లు వేసుకున్న ఒక పెద్దాయన మనవరాలి వయసు పిల్లకి అడుగులు నేర్పుతుంటే, పాట మూడు దెబ్బల తాళమైన వాల్ట్జ్‌లోకి మారగానే ఇద్దరూ ఏమీ జరగనట్టే అడుగు మార్చేశారు. డాన్సు రాకపోయినా పర్లేదు, ఎవరూ మిమ్మల్ని చూడరు. కుర్చీలో కూర్చుని జైడెకో వింటే మాత్రం సగమే విన్నట్టు.

బ్లూస్ అలా కాదు, కూర్చునే వినాలి. టెంట్‌లో నీడా కుర్చీలూ ఉంటాయి, ఎండలోంచి వచ్చేసరికి ప్రాణం లేచొస్తుంది. పాట కట్టడం తెలిస్తే ఇంకా బాగుంటుంది: చాలా పాటల్లో ఒక పాదం పాడతారు, దాన్నే మళ్లీ పాడతారు, మూడో పాదంలో జవాబు చెప్తారు, మధ్యలో మిగిలిన జాగాలో గిటారు మాట్లాడుతుంది. నేను విన్నవాటిలో ఒక బ్యాండ్ (పేరెందుకు) సౌండ్ ఎంత పెంచేసిందంటే గొంతు, గిటారు కలగాపులగమై ఆ జాగాలే లేకుండా పోయాయి, మధ్యలో లేచొచ్చేశాను. తర్వాత ఎక్కినావిడ గిటారు వాల్యూమ్ బాగా తగ్గించి ఒక్కో స్వరమే వాయిస్తుంటే టెంట్ మొత్తం ముందుకి వంగింది.

అక్కణ్నుంచి మళ్లీ ఫే డో డోకి వెళ్తే జైడెకో బ్యాండ్ నెమ్మదైన పాట ఎత్తుకుంది. వరసా అదే, పాదం రెండుసార్లు, ఆపైన జవాబు, గిటారు మాట్లాడిన చోట ఇప్పుడు అకార్డియన్. ఈ రెండూ చుట్టాలని పుస్తకంలో చదివితే ఒక ముక్క తెలుస్తుంది, గంట తేడాలో రెండూ వింటే ఒళ్లు జలదరిస్తుంది.

ఫెస్టివల్ ఏప్రిల్ చివర్లో మొదలై మే మొదట్లో అయిపోతుంది, 1972 నుంచీ ఫెయిర్ గ్రౌండ్స్ గుర్రప్పందేల మైదానంలోనే. ఎండా ఉక్కా బాగా ఉంటాయి, వానొస్తే బురదే, కాబట్టి పోయినా బాధపడని బూట్లు వేసుకోండి. కొషోన్ డ లే పోబోయ్ అని పంది మాంసం శాండ్‌విచ్ అమ్ముతారు, తినేవాళ్లు వదలొద్దు. రబ్‌బోర్డ్ వాయించేవాళ్లు ఏ పక్కన నిలబడ్డారో చూసుకుని మీరూ అటే నిలబడండి. టికెట్ ఖరీదు ఎక్కువనిపిస్తే దాదాపు అదే రోజుల్లో లాఫయెట్‌లో ఫెస్టివల్ ఇంటర్నేషనల్ జరుగుతుంది, ఊరి నడిబొడ్డున, స్టేజ్‌ల దగ్గర ప్రవేశం ఉచితం. బ్లూస్ అక్కడ ఇంత దొరక్కపోవచ్చు గానీ, జైడెకో పుట్టిన నేల మాత్రం అదే.