లక్నవరం నీళ్ల మీద మోటారు బోటా, కయాకా?

"పైసలిచ్చి మళ్ల మనమే తెడ్డు వేసుడేందిరా?" అని మా బావ హనుమకొండలో కారెక్కినప్పటి నుంచి ఒకటే నస. ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకు చేరాక మోటారు బోటు, కయాక్ (మనమే తెడ్డు వేసుకునే సన్నటి పడవ) రెండూ ఎక్కాం కాబట్టి, రెండింటి సంగతీ చెప్పగలను.

మోటారు బోటు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే అదే ఎక్కండి. వేలాడే వంతెన, దీవులు చూపించుకొచ్చి దింపేస్తారు. ఇంజను చప్పుడులో బోటు నడిపే ఆయన చెప్పేది ఒక్క ముక్క వినపడదు, అంతే.

కయాక్‌లకు ముందు గైడు, వెనుక ఇంకో మనిషి, మధ్యలో మేం ఎనిమిది మందిమి నాలుగింటిలో. ఇద్దరు కూర్చునే కయాక్‌లో బలమున్నవాళ్లు వెనుక కూర్చోవాలి, తిప్పడం వాళ్ల పని. ముందున్నవాళ్లు ఎట్లా వేస్తే వెనకవాళ్లూ అట్లాగే వేయాలి. గైడు చెప్పింది వినకుండా బావ ముందు సీటులో కూర్చొని తనే తిప్పబోయాడు. ఇద్దరం కలిసి పావుగంట ఉన్నచోటే గానుగెద్దుల్లా తిరిగాం. తెడ్డు ఎత్తినప్పుడల్లా నీళ్లు మోచేతి దాకా జారి ఒళ్లో పడుతుంటే ఆయన తిట్లు చెరువంతా వినపడ్డాయి.

అయినా నా ఓటు కయాక్‌కే. కారణం కట్ట. ఇక్కడ కాకతీయులు గొయ్యి తవ్వి చెరువు చేయలేదు. కొండల మధ్య ఉన్న సందులకు కట్టలు వేశారు. అడవిలో కురిసిన వాన వచ్చి అక్కడే ఆగింది. కట్ట మీద నిలబడితే అది కూడా ఓ గుట్టలాగే అనిపిస్తుంది. కయాక్‌లో కూర్చుంటే కళ్లు నీళ్లకు బాగా దగ్గరగా ఉంటాయి. అప్పుడు ఎగుడుదిగుడు కొండల నడుమ ఒక్కచోట మాత్రం దారం పట్టి గీసినట్టు తిన్నటి గీత కనిపిస్తుంది. అది మనిషి చేసిన పని. మనం దీవులంటున్నవి మునిగిన గుట్టల తలలే. గైడు తెడ్లు ఆపమన్నాడు. ఆ నిశ్శబ్దంలో ఆయన కట్ట వైపు చెయ్యి చూపిస్తే, ఏడొందల ఏళ్ల నాటి లెక్క ఏమిటో అర్థమైంది. మోటారు బోటులో ఆ గీత పక్క నుంచే పోయాం, ఒక్కరం గమనించలేదు.

మరి రామప్ప, పాకాల చెరువులు ఎందుకు కాదంటారా? రామప్ప గుడి శాసనం 1213 నాటిది, పాకాల చెరువూ కాకతీయుల నాటిదే, అంటే చరిత్రకు అక్కడా కొదవ లేదు. కానీ రామప్పలో గుడి చూసేసరికే పూట గడిచిపోతుంది, చెరువుకు మిగిలేది అలసటే. పాకాలలో మొసళ్లున్నాయి. ఆ నీళ్లను కట్ట మీది నుంచి చూసుడే నాకు ఇష్టం.

కయాక్ ఎక్కేవాళ్లు పొద్దున్నే పోండి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలికి పోండి, చేతులు పడిపోయాక అదే గాలి వెనక్కి తోసుకొస్తుంది. లైఫ్ జాకెట్ బకిల్ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూసుకోండి. చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు.

బావ మాత్రం ఇప్పటికీ మోటారు బోటే మేలంటాడు. ఆయన ప్యాంటు ఆరేసరికి కారు ములుగు దాటింది మరి.