ఏది కష్టం, ఏది అన్యాయం?

నెల్లూరులో మామయ్యకూ నాకూ ఆదివారం గళ్ళనుడికట్టులో రెండు ఆధారాల మీద పెద్ద వాదన.

‘దూరం పోయిన దూరదర్శి, ప్రకాశం జిల్లా ఊరు (2)’. నాకు అరగంట పట్టింది. అయినా న్యాయమే: ‘దూర’ కొట్టేస్తే దర్శి మిగులుతుంది, ఊరూ అదే. రెండు దారులూ ఒకచోటే కలుస్తాయి.

‘రాత్రి మెలకువ (3)’. చూడటానికి సులువు. మామయ్య ‘జాగారం’ రాశారు, జవాబేమో ‘కావలి’! ఆయన చెరిపినచోట కాగితానికి చిల్లు పడింది. తెలుగులో గడికి గుణింతంతో సహా ఒక పూర్తి అక్షరం. మూడే గడులు, అందులో నిలువుతో కలిసేది ఒక్కటే అయితే ఆధారమే దిక్కు. మామయ్య దీన్ని తేలికైనదంటారు, నేను ఒప్పుకోను. ‘నెల్లూరు జిల్లాలో కాపలా’ అని ఇచ్చి ఉంటే కూర్చినవారికి దండం పెట్టేవాణ్ణి.