5 కిలోల పోర్టబుల్ రాడ్ ఓవెన్: మొంబాసా దాకా మోసుకెళ్లి వాడాక

ఇది 5 కిలోల వెల్డింగ్ రాడ్లు పట్టే, వాటిని పని దగ్గర వేడిగా ఉంచే చిన్న ఓవెన్. రేటింగ్ ముందే చెప్పేస్తాను, 5కి మూడున్నర. వెల్డింగ్ కాంట్రాక్టర్లు, సైట్ ఇంజనీర్లు కొనుక్కోవచ్చు, కాకపోతే కింద రాసిన లోపాలు చూసుకుని కొనండి.

నా ఉద్యోగం ఏంటంటే, మా దగ్గర వెల్డింగ్ రాడ్లు కొన్న బయటి దేశాల కస్టమర్ల దగ్గరికి వెళ్లి వాళ్ల వెల్డర్లకి, స్టోర్ వాళ్లకి ఆ రాడ్లు ఎలా దాచాలో, ఎలా వాడాలో నేర్పించడం. ఈసారి కెన్యాలో మొంబాసా. సముద్రం ఒడ్డునే వర్క్‌షాపు, బార్జిల (సరుకు మోసే చదును పడవల) రిపేర్లు, ట్యాంకుల పని. వాళ్ల కంప్లయింటు: 7018 రాడ్లతో వేసిన జాయింట్లు పగులుతున్నాయి, అదీ వేసిన రోజు బాగానే ఉండి రెండో రోజు పగులుతున్నాయి. ఆ 'రెండో రోజు' అన్న మాట వినగానే నాకు తేమ మీద అనుమానం వచ్చింది, అందుకే స్లయిడ్లతో పాటు ఈ ఓవెన్ కూడా పట్టుకెళ్దామనుకున్నాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 3,200 పెట్టి సొంత డబ్బులతో కొన్నాను. ఇది మా కంపెనీ సరుకు కాదు.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. 7018 అనేది 'లో-హైడ్రోజన్' రకం రాడ్డు, అంటే హైడ్రోజన్ తక్కువగా ఉండాల్సింది. దాని పైనున్న పూత, అంటే ఫ్లక్స్, గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఆర్క్ వేడికి ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ కరిగిన ఇనుములోకి దూరుతుంది. బీడ్ (వెల్డింగ్ చేసిన గీత) చల్లారాక ఆ హైడ్రోజన్ మెల్లగా పక్కనున్న ప్లేటులోకి జారి, వేడికి గట్టిపడి ఒత్తిడిలో ఉన్నచోట పేరుకుని పగులు తెస్తుంది. దానికి 48 గంటలు కూడా పట్టవచ్చు, అంటే సాయంత్రం చెక్ చేసి ఓకే అన్న జాయింటు ఎల్లుండికి పోయి ఉండవచ్చు. అందుకే అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వాళ్ల ఏడబ్ల్యూఎస్ డీ1.1 కోడ్ ప్రకారం డబ్బా విప్పాక ఈ రాడ్లని కనీసం 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాలి, బయట 4 గంటలకి మించి పెట్టకూడదు. మించితే 260 నుంచి 430 డిగ్రీల మధ్య కనీసం 2 గంటలు మళ్లీ బేక్ చేయాలి, అదీ ఒక్కసారే. నీళ్లలో తడిసిన రాడ్డయితే వాడనే కూడదు.

మొంబాసాలో మదర్ ఓవెన్ (స్టోర్‌లో రాడ్లని బేక్ చేసే పెద్ద ఓవెన్) ఉంది, మంచిదే, 350 డిగ్రీలు నిలకడగా పట్టుకుంటోంది. స్టోర్ కుర్రాడు రోజూ పొద్దున రిజిస్టర్ కూడా రాస్తున్నాడు. తప్పంతా స్టోర్ గుమ్మం దాటాక జరుగుతోంది. రాడ్లు అట్టపెట్టెలో పడేసుకుని బార్జి దగ్గరికి తీసుకెళ్లడం, మిగిలినవి అక్కడే వదిలేయడం, మర్నాడు వాటితోనే మొదలుపెట్టడం. ఆ ఉప్పుగాలిలో రాత్రంతా నోరు తెరిచి ఉన్న పెట్టె! మదర్ ఓవెన్‌కీ వెల్డర్ చేతికీ మధ్య లేనిది ఈ చిన్న ఓవెనే.

ఇక సరుకు సంగతి. గొట్టంలా ఉంటుంది, పైన మూత, మోయడానికి పిడి, లోపల రాడ్లని పైకి లాగే బుట్ట. ఈ బుట్ట చాలా బాగుంది. గ్లౌజు వేసుకున్న చేత్తో కూడా ఒక్కో రాడ్డు తీసుకోవచ్చు, ఫ్లక్స్ చిట్లదు. 450 మిల్లీమీటర్ల రాడ్డు సరిగ్గా పట్టింది (కొనేముందు ఒక రాడ్డు పట్టుకెళ్లి పెట్టి చూసుకోండి, కొన్నిట్లో 350 మాత్రమే పడుతుంది). పనిచేసేది 230 వోల్టుల మీద, కెన్యాలో 240, ఇబ్బంది లేదు. కానీ ప్లగ్గు వేరు. అక్కడివి బ్రిటిష్ దీర్ఘచతురస్రపు పిన్నులు. ట్రావెల్ అడాప్టర్ పెట్టి నడిపిద్దామని మాత్రం అనుకోకండి, చాలా అడాప్టర్లలో ఎర్త్ కలవదు, ఇదేమో ఇనుప ఒళ్లున్న హీటరు, తడి నేల మీద పెట్టేది. నేను అక్కడి హార్డ్‌వేర్ షాపులో 13 ఆంపియర్ల ప్లగ్గు కొని, అందులో 3 ఆంపియర్ల ఫ్యూజు వేయించి, ఎర్త్ చెక్ చేశాకే స్విచ్ వేశాను.

మొదటి లోపం, లోపలి వేడి చూసుకునే దారి లేదు. నాబ్ మీద 150 దాకా అంకెలున్నాయి, అంతే. నా దగ్గరున్న థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) లోపలికి దింపితే నాబ్ 150 మీద ఉన్నప్పుడు అడుగున 140, మూత దగ్గర 95! మూత సరిగ్గా బిగుసుకోకపోవడమే కారణం. గ్లాస్‌ఫైబర్ తాడు ముక్క అంచున చుట్టాక పైన కూడా 125 వచ్చింది. ఈ కొలత తీసుకోకపోతే నేను వెళ్లి నేర్పే పద్ధతే తప్పయ్యేది, వాళ్లు నన్ను నమ్మి అలాగే చేసేవాళ్లు, ఆ ఆలోచనకే నాకు టెన్షన్ వచ్చింది.

రెండోది ఎర్రలైటు. హీటర్ లాగుతున్నప్పుడే వెలుగుతుంది, వేడి అందుకోగానే ఆరిపోతుంది. వెల్డర్లు లైటు ఆరితే ఓవెన్ ఆగిపోయిందనుకుని నాబ్ తిప్పేస్తున్నారు. పవర్ ఉందని చూపే పచ్చలైటు ఇంకోటి పెడితే ఈ గోల ఉండదు.

మూడోది నాకు బాగా కోపం తెప్పించింది. దీంతో వచ్చిన కాగితంలో 'తడి రాడ్లని ఆరబెట్టును' అని రాశారు. తప్పు. 150 డిగ్రీలకి ఫ్లక్స్ లోపల పట్టుకున్న తేమ పోదు. ఇది బేక్ చేసిన రాడ్లని వేడిగా ఉంచడానికి మాత్రమే. ఆ కాగితం నమ్మి ఎన్ని చోట్ల పాత రాడ్లు ఇందులో పెట్టి బాయిలర్ జాయింట్లు వేస్తున్నారో అనిపించింది. నేను ఆ కాగితం చించేసి, స్వాహిలీలో రాయించిన అట్టముక్క పిడికి కట్టాను.

ట్రైనింగ్‌లో బాగా పనిచేసింది స్లయిడ్లు కాదు, గ్లిజరిన్. మందుల షాపులో రెండు సీసాలు కొని రెండు గాజు గ్లాసుల్లో పోశాను. ఒక చిన్న ముక్క మీద మూడు రోజులు బయటున్న రాడ్డుతో బీడ్ వేయించి, వెంటనే నీళ్లలో ముంచి చల్లార్చి, తుడిచి మొదటి గ్లాసులో వేశాం. ఇంకో ముక్క మీద మదర్ ఓవెన్ నుంచి ఈ ఓవెన్‌లోకి, అందులోంచి నేరుగా చేతికి వచ్చిన రాడ్డుతో వేసి రెండో గ్లాసులో. మొదటి గ్లాసులో బీడ్ అంచుల నుంచి సన్నటి బుడగలు దారంలా పైకి లేస్తూనే ఉన్నాయి. రెండోదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి. ఇది ల్యాబ్ కొలత కాదని ముందే చెప్పాను, కంటికి తేడా కనపడితే చాలు. అక్కడ చేతిపని తెలిసిన మనిషిని 'ఫుండి' అంటారు. తల నెరిసిన ఒక పెద్ద ఫుండి, పొద్దుట్నుంచి చేతులు కట్టుకుని వెనకాల నిలబడ్డాయన, ముందుకొచ్చి వంగి గ్లాసుకి కన్ను ఆనించి చాలాసేపు చూశారు. తర్వాత 'మాజీ' అన్నారు. స్వాహిలీలో నీళ్లు అని. ఇనుములోంచి వచ్చేది నీటిలోని హైడ్రోజనే కాబట్టి నేను తలూపాను. మధ్యాహ్నం నుంచి రాడ్ల పెట్టె మూత వేయమని కుర్రాళ్లని అదిలించింది ఆయనే.

ఇంకో జాగ్రత్త. అన్ని రాడ్లూ ఇందులో పెట్టకూడదు. పైపు రూట్‌కి (జాయింటు అడుగున వేసే మొదటి వరసకి) వాడే 6010 రాడ్డు ఫ్లక్స్‌లో కొంత తేమ ఉండాలి, దాన్ని ఎండబెడితే ఆర్క్ పాడవుతుంది. మొదటి రోజే ఎవరో రెండూ కలిపి పెట్టేశారు, ఏరి పక్కన పెట్టించాను. అలాగే మధ్యాహ్నం చపాతీలు వెచ్చబెట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. మన సైట్లలోనూ జరిగేదే. ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది, పక్కనున్న రాడ్లలోకే.

ప్రయాణంలో ఇలాంటి సామాను చెక్‌ఇన్‌లోనే వేయండి. గొట్టంలా ఉంది కాబట్టి తెరిచి చూపించమంటారు, సీరియల్ నంబరు, ధర రాసిన కంపెనీ లెటర్ చేతిలో ఉంటే తొందరగా అయిపోతుంది. కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్లకి మన దగ్గర ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి.

ఓవెన్ అక్కడే ఇచ్చేసి వచ్చాను. మొన్న రాణిగంజ్‌లో అదే షాపులో రెండోది అడిగితే, మూత పక్కన థర్మామీటర్ పట్టేలా రంధ్రం వేసి, అంచుకి తాడు కూడా చుట్టి ఇచ్చారు, అదనంగా 250 తీసుకున్నారు. వచ్చే నెల ఇది టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ వెళ్తోంది.