మైక్రోబిట్ వీ2: తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కొనొచ్చా?

మైక్రోబిట్ అంటే పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి చేసిన బుల్లి కంప్యూటర్. అరచేతిలో సగం కూడా ఉండదీ బోర్డు. 25 ఎల్ఈడీలు, రెండు బటన్లు, మైకు, స్పీకరు అన్నీ దాని మీదే. కొనేటప్పుడు ముందువైపు లోగో చూడండి: బంగారు రంగులో ఉంటే వీ2. పాత వీ1లో ర్యామ్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడే మెమరీ) 16 కేబీయే, పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామ్ కాస్త పెరిగితే మెమరీ చాలదని ఆగిపోతుంది. వీ2లో 128 కేబీ.

రాసిన ప్రోగ్రామ్‌ని బోర్డులోకి ఎక్కించడానికి దాన్ని కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో కలపాలి. ఎక్కువమంది తడబడేది ఈ కేబుల్ దగ్గరే. ఫోన్ ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే లైటు వెలుగుతుంది గానీ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లా రావాల్సిన బోర్డు డ్రైవ్ కనిపించదు. బోర్డు పోయిందనుకోకుండా డేటా కేబుల్ మార్చండి.

మొదటి ప్రాజెక్టుగా పూలకుండీలో తేమ కొలవడం బాగుంటుంది. రెండు మేకులు మట్టిలో గుచ్చి, ఒకటి బోర్డు అంచున ఉన్న 0 పిన్నుకి, ఇంకోటి 3వీకి (కరెంటు ఇచ్చే పిన్నుకి) క్లిప్పుతో కలపాలి. మట్టి తడిసేకొద్దీ 0 పిన్ను దగ్గర బోర్డు చదివే అంకె 1023 వైపు పెరుగుతుంది. కరెంటు ఆగకుండా పారితే మేకులు తుప్పు పడతాయి. అందుకే రెండో మేకుని 3వీకి బదులు 1వ పిన్నుకి కలిపి, చదివే క్షణంలోనే దాన్ని ఆన్ చేయించండి. 3వీ, జీఎన్‌డీ (గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వచ్చే పిన్ను) పక్కపక్కనే ఉంటాయి, క్లిప్పులు తగిలితే షార్టే. తర్వాత మోటార్ తిప్పాలనుకుంటే, దానికి కరెంటు అందించే డ్రైవర్ బోర్డు విడిగా కావాలి.

సీబీఎస్ఈ ప్లస్ వన్‌లో కంప్యూటర్ సైన్స్ తీసుకునేవాళ్లకి ఇక్కడి పైథాన్ నేరుగా పనికొస్తుంది. పాలిసెట్ రాసి డిప్లొమాలో ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) వెళ్లేవాళ్లకి ఇంకా ఎక్కువ. ఇంటర్ ఎంపీసీ వాళ్లకి మార్కులేమీ కలవవు, సెలవుల్లో చేసుకోవాల్సిందే.