జింకల మడిలో ఏం చల్లాలి: ఓట్సా, టర్నిప్పా, రైయా?

మిషిగన్‌లో అడవి అంచున అరెకరమో ఎకరమో ఉన్న మనవాళ్లు జూలై వచ్చేసరికి అడిగేది ఇదే. జింకలు వచ్చి మేసేలా ఈ మడిని కొందరు వేట కోసం వేస్తారు, కొందరు పిల్లలకి కిటికీలోంచి చూపించడానికి వేస్తారు. ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: జింకకి ఏ నెలలో మేత దొరకదో ముందు చూసుకుని, దాన్నిబట్టి విత్తనం కొనండి.

రుచి మాటకొస్తే ఓట్స్‌ని మించింది లేదు. ఆగస్టు చివర చల్లితే తొందరగా మొలుస్తుంది. అక్టోబరంతా పొద్దువాలితే చాలు, తెల్లతోక జింకలు మడిలోనే ఉంటాయి. అయితే నేల గడ్డకట్టే చలి నాలుగు రాత్రులు పడిందంటే పైరు వాలిపోయి ఎండుగడ్డి అయిపోతుంది. అసలు కరువు మొదలయ్యేదే అప్పుడు.

సంచి మీద బొమ్మ చూసి చాలామంది కొనేది టర్నిప్, ముల్లంగి విత్తనాలు. ఆవ జాతివి కదా, గట్టి చలి తగిలాక ఆకులో తీపి ఎక్కుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ఆకు తిని, తర్వాత దుంప కూడా తవ్వుకుంటాయి. కానీ దుంప ఊరాలంటే చలికి ముందు కనీసం రెండు నెలలు కావాలి. అంటే ఇక్కడ ఆగస్టు మొదటి వారాల్లోనే పడాలి. ఒక ఏడాది నేను సెప్టెంబరులో చల్లాను, వేలెడంత వేళ్లు తప్ప ఏమీ రాలేదు. ఎకరానికి 5 పౌండ్లు చాలు; ఒత్తుగా పడితే దుంప కట్టదు. నత్రజని బాగా లాగుతుంది, వరసగా మూడో ఏడు అదే మడిలో వేస్తే తెగుళ్లు పట్టుకుంటాయి. పైగా ఎప్పుడూ ఎరగని జింకలు మొదటి ఏడు వాసన చూసి వెళ్లిపోవడమూ ఉంది.

నా ఓటు రైకే, అంటే గోధుమలాంటి ఒక చలికాలపు ధాన్యానికి. ఇసుక నేలైనా, కాస్త ఆమ్ల నేలైనా వస్తుంది. సెప్టెంబరు చివర చల్లినా మొలుస్తుంది. మంచు కింద పచ్చగా బతికే ఉంటుంది, జింకలు గిట్టలతో మంచు గీకి మరీ తింటాయి. మార్చిలో అడవి ఇంకా మోడుగా ఉన్నప్పుడు, చూడి జింకలకి ముందుగా దొరికే పచ్చిమేత ఇదే. ఒక్క జాగ్రత్త: సంచి మీద ‘రై గ్రాస్’ అని ఉంటే తీసుకోవద్దు. అది వేరే గడ్డి, ఒకసారి దిగితే కలుపై కూర్చుంటుంది. మనకి కావలసింది గింజ పండే రై.

రై ఒక్కటే వేయకుండా ఎకరానికి రై 50 పౌండ్లు, ఓట్స్ 40, ఎర్ర క్లోవర్ (పప్పుజాతి మేత మొక్క) 8 కలిపి చల్లుతాను. అక్టోబరు ఓట్స్‌ది, చలికాలం రైది, వచ్చే వేసవి క్లోవర్‌ది. క్లోవర్‌కి మాత్రం భూసార పరీక్ష చేయించాల్సిందే. ఉదజని సూచిక (pH) 6 కంటే తక్కువుంటే సున్నం వేయాలి, అది పనిచేయడానికి నెలలు పడుతుంది.

దున్నే ట్రాక్టరు లేదా? పక్కన సోయా చిక్కుడు ఉంటే ఆకు పసుపు తిరిగేటప్పుడు రై చల్లేయండి. రాలిన ఆకే విత్తనాన్ని కప్పుతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందు మాగాణిలో మినుము చల్లడం చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

మొలక రాగానే మడి మధ్యలో మూడడుగుల ఇనుప వల చుట్టి ఒక గూడు పెట్టండి. నెల తర్వాత గూడు లోపల పైరు మోకాలెత్తు, బయట బెత్తెడు ఉంటే మేత బాగా నడుస్తున్నట్టే. కొస తెగిన ఆకొకటి పట్టుకుని చూడండి. జింకకి పైన ముందుపళ్లుండవు, అందుకే కొస చిరిగినట్టు పీచులుగా ఉంటుంది. కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉందంటే తిన్నది కుందేలు.