పారశీక బల్లేనికి ఆష్ కర్ర: ఆరేళ్లు వాడాక

ఇంగ్లండ్‌లో మాదొక రీఎనాక్ట్‌మెంట్ బృందం, అంటే పాతకాలపు సైనికుల వేషాల్లో ఆనాటి యుద్ధాలను ప్రదర్శించేవాళ్లం. అందులో నాది అకమెనిద్ కాలపు (క్రీ.పూ. 6–4 శతాబ్దాల పారశీక సామ్రాజ్యం) కాలిబంటు వేషం. ఆరేళ్లుగా ఒకటే బల్లెం. కర్ర ఆష్ అనే చెట్టు చెక్కది, పొడవు 2.1 మీటర్లు, మందం 25 మిల్లీమీటర్లు, మొన వైపు కాస్త సన్నం.

ముందు కొన్నది పైన్ కర్ర. దుకాణంలో చూస్తే గీత గీసినట్టు ఉంది. రెండో సీజన్ ప్రాక్టీసులో డాలుకు మామూలుగా తగిలిన దెబ్బకే, పిడికిలికి జానెడు పైన ఏటవాలుగా చీలిపోయింది. ముక్కలు చేతిలోకి తీసుకుంటే విషయం తెలిసింది. కర్ర తిన్ననే, లోపలి చారలు మాత్రం పక్కకు జారిపోయి ఉన్నాయి. అందుకే ఆష్ కొనేటప్పుడు ఇరవై కర్రల దాకా వెలుతురులో తిప్పి చూశాను. ఒక చార మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లగలగాలి. మధ్యలో చార అంచు దాటిపోయిందా, ఆ కర్ర వద్దు. ముడి చిన్నదైనా వద్దు.

కార్నెల్ అనే గట్టి చెక్క కోసం చాలా తిరిగాను. క్రీ.పూ. 396లో డాస్కిలియోన్ (ఇప్పటి టర్కీలో ఉంది) దగ్గర జరిగిన గుర్రపుదళాల పోరులో గ్రీకుల బల్లేలు విరిగిపోయాయనీ, పారశీకుల కార్నెల్ ఈటెలు నిలబడ్డాయనీ గ్రీకు రచయిత క్సెనోఫోన్ రాశాడు. కానీ అది చిన్న చెట్టు, రెండు మీటర్ల తిన్నటి కర్ర నాకు దొరకలేదు. పైగా అవి రౌతుల ఈటెలు. కాలిబంటుకు ఆష్‌తో నాకే లోటూ లేదు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది కింది కొస మీద. పారశీక రాజు వెంట నడిచే పదివేల మందిలో వెయ్యి మంది బల్లేలకు అక్కడ బంగారు దానిమ్మ ఆకారపు గుబ్బలు, తొమ్మిది వేల మందివాటికి వెండి దానిమ్మలు ఉండేవని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పాడు. నాది 300 గ్రాముల ఇత్తడి దానిమ్మ. అది తొడిగిన రోజే బల్లెం మారిపోయింది, మొన ముందుకు లాగడం మానేసింది. పారశీక రాజధాని సూసాలో దొరికి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, మెరుపు పూత ఇటుకల మీది సైనికుల్లాగా, రెండు చేతులా బల్లెం పట్టి, గుబ్బను పాదం మీద ఆనించి గంటసేపు నిలబడగలుగుతున్నాను. పల్చటి తోలు చెప్పుల్లో గుబ్బ వేళ్ల మీదుంటే ఇరవై నిమిషాలకే పోటు మొదలవుతుంది. కొంచెం వెనక్కి, పాదం ఎత్తుగా ఉండే చోట పెట్టుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. వానలో తడిస్తే పీచు లేచి అరచేయి గీసుకుపోతుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్ది అవిసె నూనె పట్టిస్తాను. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతట అదే అంటుకోవచ్చు, పరిచి ఆరేయాలి. మొదటి చలికాలం గోడకు ఆనించి ఉంచితే వేలెడు వంపు వచ్చింది. ఇప్పుడు నాలుగు మేకుల మీద అడ్డంగా పడుకోబెడుతున్నాను.

కొత్తగా కొనేవాళ్లు గుబ్బ, మొన తొడిగి చూసుకునే దాకా కర్రను పొడవుకు కోయకండి. నేను తొందరపడి కోసేశాను. ఇంకో బెత్తెడు ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.