పక్షవాతం తర్వాత కూర్చునే సాధన: పెద్ద బంతి మేలా, చెయ్యి చాచి అందుకోవడం మేలా?

"నాన్నగారిని కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోతున్నారు. వ్యాయామానికి వాడే పెద్ద గాలి బంతి కొనమంటారా?" ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా వృత్తి. ఈ ప్రశ్న అడగని ఇల్లు అరుదు. ఇప్పుడే వద్దంటాను. ముందు కుంగని బల్ల, నేలకు ఆనిన రెండు పాదాలు, ఎదురుగా స్టూలు మీద ఒక గ్లాసు చాలు.

బంతి వల్ల మేలు లేదని కాదు. కదిలే ఆసనం మీద నడుము, పొట్ట కండరాలు క్షణక్షణం సర్దుకోవాలి. మొండెం మీద పట్టు అలా పెరుగుతుందని అధ్యయనాల్లోనూ తేలింది. కానీ ఆసరా లేకుండా కాసేపైనా కూర్చోగలవారికే అది పనికొస్తుంది, అదీ చేయి తిరిగిన మనిషి పక్కన ఉన్నప్పుడు. బంతి జారితే ఇంట్లో ఒంటరిగా ఉన్న కోడలు ఆయన్ని ఆపలేదు. పైగా పడిపోతామన్న భయంతో రోగి ఒళ్లంతా బిగబట్టుకుంటాడు.

చెయ్యి చాచి అందుకోవడంలో జరిగేది వేరు. వస్తువును చేతి పొడవుకు కాస్త అవతల పెడితే తుంటి దగ్గర నుంచి ముందుకు వంగక తప్పదు. వంగేకొద్దీ బరువు పాదాల్లోకి దిగుతుంది. నా మటుకు నేను చూసేది ఒక్కటే: బలహీనపడిన పాదం నేలను నొక్కుతోందా, లేదా? రేపు లేచి నిలబడాలన్నా ఆ నొక్కుడే కావాలి.

1997లో ఆస్ట్రేలియాకు చెందిన క్యాథరిన్ డీన్, రొబెర్టా షెపర్డ్ పక్షవాతం వచ్చి కనీసం ఏడాదైన 20 మందిని రెండు జట్లు చేసి, రెండు వారాలు సాధన చేయించారు. చేతి పొడవుకు మించి అందుకున్న జట్టువాళ్లు ఇంకా దూరానికి, ఇంకా త్వరగా అందుకోగలిగారు, బలహీనమైన కాలి మీద ఎక్కువ బరువు మోపగలిగారు. చేతికి అందేంత దూరంలోనే పనులు చేసిన రెండో జట్టులో ఆ మార్పు కనిపించలేదు.

ఈమధ్య ఒక పెద్దావిడకు ఇదే చేయించాను. నవారు మంచం మీద కూర్చోబెడితే కుంగిన వైపుకే జారిపోయేవారు. చెక్క దివాను మీదికి మార్చాం. పాదాలు గాలిలో వేలాడుతుంటే కింద పీట వేశాం. స్టూలు మీద పళ్లెం నిండా మల్లెమొగ్గలు పోసి, ఒక్కొక్కటే తీసి ఒళ్లోని బుట్టలో వేయమన్నాను. మొదటి రోజు వంగినప్పుడల్లా ఎడమ మడమ పైకి లేచేది. కూతురు ఎదురుగా కూర్చుని మోకాలి మీద అరచెయ్యి ఉంచి కిందికి అదిమింది. నాలుగో రోజు, ఎవరూ అదమకుండానే, సగం పళ్లెం అయ్యేదాకా మడమ పీటను వదల్లేదు.

మొదట ఎదురుగా పెట్టండి. తర్వాత మంచి వైపు, ఆఖరున బలహీనమైన వైపు. పట్టుకునేవారు బలహీనమైన వైపునే ఉండాలి, తుంటి దగ్గర పట్టుకోవాలి. చచ్చుబడిన చెయ్యి పట్టి ఎప్పుడూ లాగకండి, భుజం కీలు దెబ్బతింటుంది. తల తిరుగుతోందంటే వెంటనే పడుకోబెట్టండి.

కొందరు మంచి చేత్తో మంచాన్ని నెడుతూ తమను తామే బలహీనమైన వైపుకు తోసుకుంటారు. వాళ్లకు ఒరిగి ఉన్నప్పుడే నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుంది. మనం చేత్తో సరిచేయబోతే ఇంకా గట్టిగా ఎదురు తోస్తారు, దయచేసి మొండితనం అనుకుని కోప్పడకండి. వాళ్ల కళ్లు మాత్రం నిలువును సరిగ్గానే పోల్చుకుంటాయి. అందుకే గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టి ద్వారబంధం నిలువును చూపించండి, వస్తువులన్నీ మంచి వైపునే పెట్టి అటు అందుకోమనండి. వీళ్లకు బంతి అసలు వద్దు.

చుట్టూ దిండ్లు పేర్చడం అన్నం తినేటప్పటికి సరే, అది సాధన కాదు. నిలువుటద్దం ఇంట్లో ఉంటే వాడుకోండి, దానికోసం కొనక్కర్లేదు.

నేల మీది చెప్పును వంగి తీసి, ఎవరి సాయమూ లేకుండా మళ్లీ నిటారుగా కూర్చోగలిగిన రోజు చెప్పండి. బంతి నేనే తెస్తాను.